ఉద్యోగం మానేసే ముందు రాసిపెట్టుకోవాల్సినవి

సొంతంగా ఏదైనా మొదలుపెట్టబోయేవాళ్లు నన్ను ముందుగా అడిగేది, ఐడియా ఎలా ఉంది అని. నాకేం తెలుసు, కొనేవాళ్లు చెప్పాలి. నేను మాత్రం ఒకటే అడుగుతాను: ఎప్పుడు ఆపేస్తారో రాసిపెట్టుకున్నారా? చాలామంది మొహం మాడిపోతుంది. ఇంకా మొదలే పెట్టలేదు, ఈయనేంటి ఆపడం గురించి మాట్లాడుతున్నాడని. కానీ నెలనెలా జీతం పడుతూ, రాత్రిళ్లు నిద్ర పడుతున్నప్పుడు ఆలోచించే తీరు వేరు. ఖాతాలో రెండు నెలలకు సరిపడా డబ్బే మిగిలినప్పుడు ఆలోచించే తీరు వేరు. మొదటి ఏడాది, ఏడాదిన్నరలో బుర్ర పనిచేయని రోజులు చాలానే వస్తాయి. వాటికోసం ఇప్పుడే కొన్ని కాగితాలు సిద్ధం చేసుకోండి.

మొదటిది డబ్బు లెక్క. చేతిలో ఉన్నదాన్ని నెలకు నికరంగా పోయేదానితో భాగిస్తే ఎన్ని నెలలు నెట్టుకురాగలమో తేలుతుంది. దీన్నే రన్‌వే అంటారు. భాగహారం తేలికే, మనల్ని మనం మోసం చేసుకోవడమూ అంతే తేలిక. ఇంటి ఖర్చు కలపం. రావాల్సిన బాకీని వచ్చేసినట్టే రాసుకుంటాం. కస్టమర్ దగ్గర వసూలు చేసిన పన్ను సొమ్మును మన డబ్బే అనుకుంటాం. అది మన దగ్గర నాలుగు రోజులు ఉండి పోయే చుట్టం, వేరే ఖాతాలో ఉంచడం మంచిది. బయటినుంచి పెట్టుబడి తెచ్చుకుందాం అనుకునేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. మొదటి మీటింగ్ నుంచి డబ్బు చేతికందేదాకా నెలలు పడుతుంది. ఆరు నెలల రన్‌వే మిగిలిందంటే ఆ తిరుగుడు ఇవాళే మొదలుపెట్టాలి.

లాభం వస్తోంది కదా, ఇక భయమేంటి అనుకునేవాళ్లే ఎక్కువగా దెబ్బతింటారు. ఒక చిన్న లెక్క చూడండి. సరుకు 80కి కొని 100కి అమ్ముతున్నారు. సప్లయర్‌కి కొన్నరోజే కట్టాలి, కస్టమర్ 60 రోజులకు ఇస్తాడు. నెలకు 10 ఆర్డర్లుంటే ఎప్పుడు చూసినా మీ డబ్బు 1,600 బయటే ఇరుక్కుని ఉంటుంది. వ్యాపారం పుంజుకుని ఆర్డర్లు 50 అయ్యాయా, ఇరుక్కునేది 8,000. పుస్తకంలో మాత్రం నెలకు వెయ్యి లాభం కనిపిస్తూనే ఉంటుంది. అమ్మకాలు పెరిగేకొద్దీ జేబు ఖాళీ కావడం అంటే ఇదే.

నాకు ఇది పుస్తకంలో చదివితే అర్థం కాలేదు. మా రెండో ఏడాదిలో ఒక పెద్ద కస్టమర్ ఆర్డర్ ఇచ్చాడు, ఆ సాయంత్రం ఆఫీసులో పండగే. సరుకంతా మా డబ్బుతో కొన్నాం. 45 రోజులన్న చెల్లింపు నాలుగు నెలలకు వచ్చింది. ఆ నాలుగు నెలలూ జీతాల తేదీ దగ్గరపడితే నాకు కడుపులో తిప్పేది. ఇప్పుడైతే ఎంత పెద్ద ఆర్డరైనా అడ్వాన్సు ఎంత అన్నదే మొదట అడుగుతాను. అడ్వాన్సు ఇవ్వని ఆర్డర్ మన రన్‌వేలో ఎన్ని నెలల డబ్బుకు మించి తినేట్టయితే వద్దనాలో కూడా రాసి ఉంచాను, ఎందుకంటే ఆర్డర్ చేతిలో పడిన రోజు నాకు నామీద నమ్మకం లేదు.

అప్పు విషయంలో ఒక్క మాట. కంపెనీ మునిగితే కంపెనీ ఆస్తులే పోతాయనే ధైర్యంతో చాలామంది పరిమిత బాధ్యత కంపెనీ పెడతారు. అదే కంపెనీ అప్పుకు, అది కట్టకపోతే నేను కడతానంటూ వ్యక్తిగత హామీ సంతకం పెడితే ఆ రక్షణ ఆ అప్పు మేరకు పోయినట్టే. ఎంతవరకు సంతకం పెడతారో ఇంట్లోవాళ్లతో కూర్చుని ముందే తేల్చుకోండి.

రెండో కాగితం భాగస్వాములది. స్నేహితుల మధ్య రాతకోతలేంటి అనే మొహమాటం ఖరీదైనది. ఫొటోలు పంపుకునే స్నాప్‌చాట్ యాప్ తొలి ఆలోచన తనదేనంటూ, దాన్ని పెట్టినవాళ్ల కాలేజీ స్నేహితుడు రెజీ బ్రౌన్ 2013లో కోర్టుకెళ్లాడు. మరుసటి ఏడాది రాజీ కుదిరింది. ఎంతకు కుదిరిందో 2017లో ఆ కంపెనీ షేర్ మార్కెట్‌కి వెళ్లేటప్పుడు బయటపడింది: 15.75 కోట్ల డాలర్లు. మన దగ్గర అంత ఉండదు కాబట్టి గొడవే రాదనుకోకండి, తక్కువ డబ్బుకు ఇంకా గట్టిగా కొట్టుకుంటారు. వాటాలు ఒకేసారి రాసివ్వకుండా నాలుగేళ్లలో కొంచెం కొంచెంగా దక్కేలా, మొదటి ఏడాది పూర్తికాకుండా వెళ్లిపోతే ఏమీ రాకుండా పెట్టుకోవడం స్టార్టప్‌లలో మామూలే. దాన్ని వెస్టింగ్ అంటారు. ఎనిమిదో నెలలో మీ ఫ్రెండ్ మంచి ఉద్యోగం దొరికి వెళ్లిపోతే సగం కంపెనీ ఆయనతోపాటు పోకుండా ఆపేది అదే. మీకూ అదే షరతు ఉండాలి, లేకపోతే అడిగే మొహం ఉండదు. అలాగే ఇప్పుడున్న ఉద్యోగపు ఒప్పందం తీసి చదవండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో రాసిన కోడ్ ఎవరిదవుతుందో అందులోనే ఉంటుంది.

కస్టమర్ల మాట కొంచెం తక్కువ నమ్మండి. "బావుంది, వస్తే కొంటాను" అనడానికి ఎవరికీ ఖర్చు లేదు. పోయినసారి ఈ ఇబ్బంది వచ్చినప్పుడు ఏం చేశారు, ఎంత పెట్టారు అని అడిగితే నిజం బయటికొస్తుంది. 1999లో అమెరికాలో నెట్‌లో బూట్లు అమ్మాలనుకున్న నిక్ స్విన్మర్న్ గోదాము నిండా చెప్పులు కొని కూర్చోలేదు. షాపుల్లోని బూట్లకు ఫొటోలు తీసి నెట్‌లో పెట్టాడు, ఆర్డర్ వస్తే వెళ్లి కొని పంపాడు. ఒక్కో జతకు నష్టమే, కానీ జనం చూడకుండా బూట్లు కొంటారన్న సంగతి చవగ్గా తెలిసింది. తర్వాత అదే జాపోస్ అనే ఆన్‌లైన్ బూట్ల దుకాణం అయింది.

ఇక మన సంగతి. ప్రతి నెలా ఒకటో తేదీన ఈ నెల ఏం జరుగుతుందనుకుంటున్నారో నోటుబుక్కులో అంకెలతో రాయండి, నెలాఖరున పక్కన నిజం రాయండి. నా మొదటి ఆరు నెలల పేజీలు చూస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. కానీ నేను ఎక్కడ ఎప్పుడూ ఎక్కువ వేసుకుంటానో (అమ్మకాల్లో), ఎక్కడ తక్కువ వేసుకుంటానో (పని పూర్తయ్యే టైమ్‌లో) వాటివల్లే తెలిసింది. 

చివరి కాగితం ఆపే తేదీది. గ్లిచ్ అనే ఆన్‌లైన్ ఆటను స్టూవర్ట్ బటర్‌ఫీల్డ్ బృందం 2012లో మూసేసింది, ఖాతాలో డబ్బు ఇంకా ఉండగానే. ఆ మిగిలిన డబ్బుతోనే, లోపల తాము మాట్లాడుకోవడానికి కట్టుకున్న చాట్ పరికరాన్ని స్లాక్ అనే ఆఫీసు చాట్ యాప్‌గా మార్చి 2014లో అందరికీ విడుదల చేశారు. చివరి రూపాయి దాకా ఆట మీదే పెట్టి ఉంటే స్లాక్‌కి అవకాశమే ఉండేది కాదు. మీరు రాసేదాంట్లో మూడు ఉండాలి: తేదీ, ఆ రోజుకి డబ్బిచ్చే కస్టమర్లు కనీసం ఎంతమంది ఉండాలి, సొంత పొదుపులో ముట్టుకోని భాగం ఎంత.

ఆ కాగితం మీ దగ్గర ఉంచుకోకండి, కొట్టేసి తిరగరాస్తారు. నాది మా అక్క దగ్గర ఉండేది. అందులో రాసిన తేదీ వచ్చిన రాత్రి తనే ఫోన్ చేసింది. "పన్నెండుమంది అని రాశావు, ఎంతమంది ఉన్నార్రా?" అంది. తొమ్మిదిమంది అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "రేపు పొద్దున ఆ నోటుబుక్కు పట్టుకుని రా, చూద్దాం" అంది.