కుక్కర్ పాఠాలు, మూడో భాగం: ఆవిరికి దారి

పోయిన రెండు భాగాల్లో ఎన్ని లీటర్ల కుక్కర్ కొనుక్కోవాలి, అడుగున నీళ్లు ఎన్ని పోయాలి, గిన్నెలు ఎలా సర్దాలి అన్నవి చూశాం. ఈసారి మూత సంగతి. కింది గిన్నెదేముంది, మామూలు గిన్నె కంటే కాస్త మందం, అంతే. నేర్చుకోవాల్సిందంతా మూతలోనే ఉంది. మీ ఇంట్లో కుక్కర్ మూత తెచ్చి పక్కన పెట్టుకుని చదవండి, చేత్తో తడుముతూ చదివితేనే ఈ పాఠం బుర్రకెక్కుతుంది.

ముందు విజిల్ తీసేయండి. అది కూర్చునే సన్నటి గొట్టం ఉంది చూశారా, మూత ఎత్తి కిటికీ వైపు పెట్టి లోపలి వైపు నుంచి దాంట్లోకి చూడండి. గుండ్రంగా వెలుతురు చుక్క కనిపించాలి. ఆ చుక్క అర్ధచంద్రుడిలా కనిపించినా, మసగ్గా ఉన్నా, నిన్నటి పప్పు పొట్టో గంజో లోపల ఎండి అంటుకుందన్నమాట. సన్నటి తీగతో గానీ పిన్నీసుతో గానీ గుచ్చి, కుళాయి నీళ్లు ధారగా పోనిచ్చి, నోటితో ఊదండి. గాలి అవతలికి హాయిగా వెళ్లాలి. స్టవ్ మీద పెట్టే ప్రతిసారీ ఇది చూడాలి. అయిదు సెకన్ల పని, పెళ్లయిన కొత్తలోనే అలవాటు చేసుకుని ఉంటే బావుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇప్పుడు విజిల్‌ని అరచేతిలో పెట్టుకుని బరువు చూడండి. ఇంత చిన్న ముక్క అంత ఆవిరిని ఎలా ఆపుతోంది? మన కుక్కర్లు ఎక్కువగా చదరపు సెంటీమీటరుకి సుమారు ఒక కిలో ఒత్తిడి మీద పనిచేస్తాయి. గొట్టం రంధ్రం మూడు మిల్లీమీటర్లు ఉందనుకోండి, దాని వైశాల్యం 0.07 చదరపు సెంటీమీటర్లు, అంటే డెబ్బై గ్రాముల బరువు పెడితే చాలు, ఆవిరి ఆ ఒత్తిడి దాకా ఆగి, ఆపైన విజిల్‌ని ఎత్తుకుని బయటికొస్తుంది. రంధ్రం కాస్త పెద్దదైతే బరువూ పెరగాలి. అందుకే ఒక కంపెనీ విజిల్ ఇంకో కంపెనీ కుక్కర్‌కి పెట్టొద్దని అంత గట్టిగా చెబుతారు. గొట్టానికి సరిపోయింది కదా అనిపిస్తుంది, బరువు తేడా కంటికి తెలియదు. దాని మీద ఇంకో బరువు పెట్టడం, గుడ్డ కప్పడం అస్సలు చేయొద్దు.

ఆ ఒత్తిడి దగ్గర నీళ్లు 120 డిగ్రీల దాకా కాగుతాయి. హైదరాబాద్ కాస్త ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ మామూలు గిన్నెలో నీళ్లు 98 దగ్గరే మరిగిపోతాయి, కందిపప్పు అంతసేపు ఉడకనిది అందుకే. ఇదే లెక్క మూతకీ వేయండి. మూత ఇరవై సెంటీమీటర్ల వెడల్పు ఉంటే, లోపలి నుంచి దాన్ని మూడొందల కిలోల పైగా బలం తోస్తూ ఉంటుంది. ఇరవై అయిదు కిలోల బియ్యం బస్తాలు పన్నెండు! మీరు కూరగాయలు తరుగుతుంటే పక్కనే స్టవ్ మీద ఆ బలం కూర్చుని ఉంటుంది. దారి తెరిచి ఉన్నంతసేపు దానివల్ల ఏ ఇబ్బందీ లేదు.

ఈ సంగతి కుక్కర్ పుట్టినప్పుడే తెలిసింది. 1679లో డెనీ పాపిన్ అనే ఫ్రెంచ్ ఆయన ఎముకలు కూడా మెత్తబడేలా ఉడికించే ఇనప పాత్ర తయారుచేశాడు, అది పేలిపోకుండా ఒక మీట, దానికి వేలాడే బరువుతో సేఫ్టీ వాల్వ్ కూడా ఆయనే పెట్టాడు. మన విజిల్ ఆ బరువుకి మనవరాలే.

ఇక అసలు విషయం. మా పిన్ని ఒకరోజు గోంగూర పప్పు గిన్నె లేకుండా నేరుగా కుక్కర్లోనే పెట్టింది, అదీ ముప్పాతిక దాకా నింపి. విజిల్ రాలేదు. ఇంతసేపైంది, ఉడికే ఉంటుందిలే అని స్టవ్ కట్టేసింది. విజిల్ ఎత్తి చూసింది, చప్పుడు లేదు. ఆవిరి పోయిందనుకుని మూత తిప్పబోతే బిగుసుకుపోయి ఉంది. కొంగు పట్టుకుని రెండు చేతులతో గట్టిగా తిప్పింది. పప్పు సీలింగుకి కొట్టింది, పిన్నికి మోచేతుల దాకా బొబ్బలు. తర్వాత మూత కడుగుతుంటే గొట్టం లోపల గోంగూర ఆకు చుట్ట చుట్టుకుని బిరడాలా ఇరుక్కుని ఉంది.

చప్పుడు రాకపోతే ఆవిరి లేదని మనం అనుకుంటాం. గొట్టం మూసుకుపోయినా చప్పుడు రాదు! అందుకే విజిల్ ఎత్తి చూడటం ఒక్కటే సరిపోదు. రెండో పరీక్ష మూతది: ఆవిరి నిజంగా పోతే మూత వేళ్లతో తిప్పినా తిరుగుతుంది. కొంచెం బిగువుగా అనిపించిందా, చెయ్యి తీసేయండి. విజిల్ వచ్చి మామూలుగా ఉడికిన కుక్కర్‌ని తొందరుంటే మూత అంచుల మీద చన్నీళ్లు సన్నగా పోసి చల్లార్చవచ్చు, గొట్టం మీద మాత్రం పోయొద్దు. గొట్టం మూసుకుందని అనుమానం ఉంటే స్టవ్ కట్టేసి, గంట పట్టినా సరే, పూర్తిగా చల్లారే దాకా ముట్టుకోకండి, పిల్లల్ని వంటగదిలోకి రానివ్వకండి. 120 డిగ్రీల నీళ్ల మీద ఒత్తిడి ఒక్కసారి తీసేస్తే, అది కొంత అప్పటికప్పుడు ఆవిరైపోయి మిగతా పప్పునంతా పైకి విసురుతుంది. పిన్ని చేతుల మీద పడింది అదే. మూత లోపలికి దూర్చి పెట్టే హాకిన్స్ లాంటి రకాల్లో ఒత్తిడే మూతని కిందనుంచి అంచుకి అదిమి పట్టుకుంటుంది కాబట్టి అంత తేలిగ్గా ఊడదు, అయినా చెంచా పెట్టి బలవంతంగా కిందికి నొక్కేవాళ్లని చూశాను, వద్దు.

ఆకుకూర పప్పులు గిన్నెలో పెట్టి పైన ప్లేటు మూయండి. నేరుగా కుక్కర్లో వండేటట్టయితే పప్పు, నీళ్లు కలిపి సగానికి మించొద్దు, చెంచాడు నూనె వేస్తే నురగ తగ్గుతుంది. సగ్గుబియ్యం, సేమ్యా కుక్కర్లో పెట్టనే పెట్టొద్దు.

మూత మీద ఇంకో చిన్న లోహపు బిళ్ల ఉంటుంది, సేఫ్టీ వాల్వ్. దాని నడుమ ఉండేది తక్కువ వేడికే కరిగే లోహం. నీళ్లు ఇంకిపోయి కుక్కర్ మాడితే, లేదా గొట్టం మూసుకుపోయి లోపల వేడి, ఒత్తిడి హద్దు దాటితే, అది కరిగో ఊడో ఆవిరికి రెండో దారి ఇస్తుంది. ఒకసారి మా వాల్వ్ పోతే వీధిలోకొచ్చిన రిపేరు అతను అక్కడ బోల్టు బిగించి ఇచ్చాడు. ఆవిరి కారడం లేదు, విజిల్స్ బాగానే వచ్చాయి, నెలరోజులు వాడేశాం. ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. వాల్వ్ పోతే అదే కంపెనీది కొని వేయండి, సీసంతో పూడ్చడం, ఎం-సీల్ పెట్టడం వద్దు. 2021 ఫిబ్రవరి నుంచి ఇంటి కుక్కర్లకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి అయింది, కానీ ఇలాంటి రిపేరు ఒక్కటి చేస్తే ఆ మార్కుకి విలువ లేనట్టే.

మూత అంచున ఉండే రబ్బరు రింగు, గ్యాస్కెట్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వేళ్ల మధ్య సాగదీసి చూడండి, పగుళ్లున్నా, ప్లాస్టిక్‌లా బిరుసెక్కినా మార్చేయండి. రోజూ వాడే ఇంట్లో ఏడాదికి ఒకటి మార్చడం నా పద్ధతి. వదులైందని ఫ్రీజర్‌లో పది నిమిషాలు పెట్టి వాడతారు, ఆ పూట గడుస్తుంది కానీ మర్నాడు కొత్తది కొనండి. అంచుల్లోంచి ఆవిరి కారుతుంటే విజిల్ రాదు, విజిల్ రావట్లేదని మంట పెంచుతాం, నీళ్లు ఇంకిపోతాయి, కుక్కర్ మాడుతుంది, చివరికి వాల్వ్ పోతుంది. పదిహేను నిమిషాలైనా విజిల్ రాలేదంటే మంట పెంచకుండా కట్టేయండి. కడిగాక గ్యాస్కెట్ మూతకే వదిలేయకుండా తీసి విడిగా తగిలించండి, మూత కూడా బిగించి ఉంచొద్దు.

ఈ వారం అభ్యాసం: కుక్కర్లో రెండు గ్లాసుల నీళ్లు మాత్రమే పోసి, విజిల్ పెట్టకుండా మూత పెట్టి మంట మీద ఉంచండి. మొదట గొట్టంలోంచి ఆవిరి తెగుతూ తెగుతూ వస్తుంది, తర్వాత తెల్లటి ధారగా, ఒకే సన్నటి చప్పుడుతో నిలబడుతుంది. ఆ ధార నిలబడిందంటే దారి బాగుందన్నమాట. విడిగా పెట్టే విజిల్ ఉన్న కుక్కర్లకి విజిల్ పెట్టాల్సిన సమయం కూడా అదే. చెయ్యి పక్కనుంచి తెచ్చి, ఆవిరి ముఖానికి తగలకుండా విజిల్ పెట్టండి. మొదటి విజిల్ రాగానే సిమ్‌లో పెట్టి గడియారం చూసి అయిదు నిమిషాలకి కట్టేయండి. ఇక చల్లారుతుంటే రెండేసి నిమిషాలకి ఒకసారి విజిల్‌ని చెంచాతో రవ్వంత ఎత్తి వదలండి. బుస్సుమనే చప్పుడు ఎన్ని నిమిషాలకి ఆగిపోయిందో, అప్పుడు మూత వేళ్లకి ఎంత తేలిగ్గా తిరిగిందో ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. వచ్చే భాగంలో, కుక్కర్ లోపల నల్లబడటం గురించి చెప్పేటప్పుడు, ఆ కాగితంతో మళ్లీ పని ఉంది.