చలి ప్రాంతాల్లో ఇటుక పని, 4వ పాఠం: బయటి గోడకు ఏ జాయింట్?

పోయిన పాఠంలో జాయింట్‌లో, అంటే ఇటుకల మధ్య సందులో ఉన్న మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) కాస్త బిగిశాక జాయింటర్‌తో, అంటే జాయింట్‌ను నొక్కి తీర్చే ఇనుప పనిముట్టుతో నొక్కమన్నాను. చాలామంది తొందరపడ్డారు. సిమెంటు పాలు పైకి తేలి, ఆరాక ఆ పొర పొడిపొడిగా రాలుతోందట. ముందు అది సరిచేసుకుందాం. బొటనవేలితో నొక్కండి. వేలి అచ్చు పడాలి, మాలు వేలికి అంటకూడదు. అంటితే ఆగండి. అచ్చే పడకపోతే ఆలస్యమైనట్టే, ఇక రుద్దితే ఇనుము మరక పడి జాయింట్ నల్లబడుతుంది. ఎండ తగిలే వైపు మాలు ముందు బిగుస్తుంది కాబట్టి గడియారాన్ని నమ్మకండి.

ఇక ఆకారాలు. లోపలికి గుండ్రంగా వంపు తిరిగిన జాయింట్, ఇంగ్లీషు V ఆకారపు జాయింట్, రెండూ చలికి తట్టుకుంటాయి. నొక్కుడుకి మాలు చిక్కబడి ఇటుక అంచుల్ని గట్టిగా పట్టుకుంటుంది. నా ఓటు ఎప్పుడూ వంపుకే. పైఅంచు లోపలికి, కింది అంచు ఇటుకకు సమంగా ఉండే వాలు జాయింట్ కూడా పనికొస్తుంది. తలకిందులుగా వేశారో, ప్రతి ఇటుక నెత్తినా నీళ్లు నిలుస్తాయి.

అసలు చిక్కు లోతుగా గీకి వదిలేసే జాయింట్‌తో. నీడగీతలు అందంగా పడతాయి, నిజమే. ఇంటి లోపలి గోడకైతే వేసుకోండి. బయట ఆ గట్టు మీద మంచు కూర్చుంటుంది. పగలు కరిగి ఇటుకలోకి ఇంకుతుంది, రాత్రి గడ్డకడుతుంది. గడ్డకట్టే నీరు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. ఏటా అదే జరిగితే ఇటుక ముఖం పెచ్చులూడుతుంది. పైగా గీకిన మాలు నొక్కిన మాలంత చిక్కగా ఉండదు.

"సీలర్ (నీళ్లు ఇంకకుండా గోడకు వేసే పూత) కొడితే సరిపోదా?" అని అడుగుతున్నారు. సరిపోదు. సన్నటి పగుళ్లను సీలర్ మూయలేదు. వాటిలోంచి దూరిన తేమ బయటికి ఆరిపోకుండా మాత్రం అడ్డుపడుతుంది. సిమెంటు పెంచడమూ మందు కాదు. మాలు ఇటుక కన్నా గట్టిదైతే దెబ్బ ఇటుకకే తగులుతుంది.

అభ్యాసం: పాత ఇటుకలతో ఆరు వరసల గోడ కట్టండి. సగం వంపు జాయింట్, సగం గీకినది. నిలువు జాయింట్లు ముందు, అడ్డం జాయింట్లు తర్వాత నొక్కండి. మాలు గట్టిపడటానికి 28 రోజులు ఆగి, నీళ్లు చల్లి ఏ సగం ముందు ఆరుతుందో రాసుకోండి. ఆ గోడను చలికాలమంతా బయటే ఉంచి, మంచు కరిగిన ప్రతిసారీ ఇటుక అంచులు తడిమి చూడండి.