జీరో నిలవడం లేదా? కొత్త స్కోప్ కొనే ముందు టర్రెట్ ఎక్కడుందో లెక్కపెట్టండి

బెంగళూరులో ఎయిర్ రైఫిల్ సరదా ఉన్న మన తెలుగువాళ్లలో ఎవరి స్కోప్ (రైఫిల్ మీద పెట్టే గురి దుర్భిణి) మొరాయించినా, ఆ రైఫిల్ ఏదో ఒక ఆదివారం మారతహళ్లిలోని మా ఇంటి బల్ల మీదికి చేరుతుంది. దానితో పాటే ఒక ప్రశ్న కూడా వస్తుంది: "అన్నా, పదిహేను వేల లోపు దూరానికి పనికొచ్చే మంచి స్కోప్ ఏది?" ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు నేను చేతిలో ఉన్న స్కోప్‌ను పరీక్షించి చూస్తాను. ఇన్నేళ్లలో నా దగ్గరికి వచ్చినవాటిలో సగానికి పైగా స్కోప్‌లు చెడిపోయినవి కావు. బిగింపు సరిగా లేనివో, తమ సర్దుబాటు హద్దు చివరకు నెట్టబడినవో మాత్రమే.

జీరో చేయడం (గురిపెట్టిన చోటే పెల్లెట్ పడేలా స్కోప్‌ను సర్దడం), కంటి దూరం (స్కోప్‌కూ కంటికీ మధ్య ఉండవలసిన దూరం) చూసుకోవడం తెలిసినవారి కోసమే ఇది రాస్తున్నాను. మన దేశంలో 2016 ఆయుధ నియమాల ప్రకారం 4.5 మి.మీ. మించని బోరు, 20 జౌళ్లు మించని శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అవసరం లేదు. అలాంటి రైఫిల్‌తో కాగితం మీద గురి చూసేవారికి 50 మీటర్లే చాలా దూరం కాబట్టి, ఇక్కడ దూరం అంటే అదేనని అనుకోండి.

సమస్య: నిన్న సరిగా ఉన్న జీరో ఈ రోజు లేదు

ముందు స్క్రూలు చూడండి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా, చూశామని చెప్పి చూడకుండా వచ్చేవారే ఎక్కువ. స్కోప్‌ను పట్టి ఉంచే రింగుల స్క్రూలను మాత్రమే తడిమి చూడడం చాలదు. రైఫిల్ కట్టెను యంత్రభాగానికి పట్టి ఉంచే స్క్రూలు కూడా ఉన్నాయి, స్ప్రింగ్ రైఫిళ్లలో ముందుగా వదులయ్యేవి అవే. స్ప్రింగ్ రైఫిల్ పేలినప్పుడు పిస్టన్ ముందుకు దూకుతుంది కాబట్టి రైఫిల్ మొదట వెనక్కి, పిస్టన్ ఆగగానే మళ్లీ ముందుకు కుదుపుతుంది. ఈ రెండు దిశల కుదుపు వల్లనే స్క్రూలు వదులవుతాయి, మౌంటు (రింగులతో స్కోప్‌ను రైఫిల్‌కు బిగించే భాగం) రైఫిల్ పైనున్న పట్టాల మీద వెనక్కి జరుగుతుంది, ఒకే దిశ కుదుపును దృష్టిలో పెట్టుకొని చేసిన స్కోప్‌ల లోపలి భాగాలు కూడా కదిలిపోతాయి. అందుకే స్ప్రింగ్ రైఫిల్ ఉన్నవారు దానికి తగినదని తయారీదారు స్పష్టంగా రాసిన స్కోప్‌నే కొనాలి.

మౌంటు జరుగుతోందా అన్నది కంటితో తెలియదు. మౌంటు వెనుక అంచును ఆనుకొని పట్టా మీద తెల్ల పెయింటు పెన్నుతో ఒక గీత గీసి, యాభై పెల్లెట్లు కాల్చి చూడండి. గీతకూ మౌంటుకూ మధ్య వెంట్రుక మందం తేడా వచ్చినా కారణం దొరికినట్లే. పట్టాలోని రంధ్రంలోకి దిగే ఆపుడు పిన్ను ఉన్న మౌంటు వాడాలి, స్క్రూలు వదులవకుండా నీలం రంగు లాక్‌టైట్ జిగురు చుక్క వేయాలి. రింగుల పైకప్పు స్క్రూలకు 15 నుంచి 18 ఇంచ్-పౌండ్ల బిగింపు సరిపోతుంది. అంతకు మించితే గొట్టం నొక్కుకుపోతుంది. ఎస్.పి. రోడ్డులో టార్క్ స్క్రూడ్రైవర్ దొరుకుతుంది, నలుగురు మిత్రులు కలిసి ఒకటి కొనుక్కుంటే చాలు.

సమస్య: స్క్రూలన్నీ బిగువుగానే ఉన్నాయి, అయినా జీరో తిరుగుతోంది

ఇక్కడ తొందరపడవద్దని బతిమాలుతున్నాను, ఎందుకంటే ఈ కారణం తెలియక నేను రెండేళ్లలో మూడు స్కోప్‌లు మార్చాను. మొదటిదాన్ని కొట్టులో తిరిగి ఇచ్చాను, రెండోదాన్ని నష్టానికి అమ్మాను, మూడోది ఖరీదైనది కొన్నాను. మూడూ ఒకే తీరుగా ప్రవర్తించాయి. ఎలివేషన్ టర్రెట్‌ను, అంటే గురి ఎత్తును సర్దే మరను, నాలుగు క్లిక్కులు పైకి తిప్పితే గ్రూపు (ఒకే గురితో కాల్చిన పెల్లెట్ల రంధ్రాల గుంపు) కదిలేది కాదు. ఇంకో నాలుగు తిప్పి రెండు పెల్లెట్లు కాల్చాక ఒక్కసారిగా ఎనిమిది క్లిక్కుల దూరం దూకేది. మర్నాడు మళ్లీ కిందికి దిగేది. మూడు వేర్వేరు స్కోప్‌లకు ఒకే జబ్బు వచ్చిందంటే జబ్బు స్కోప్‌లో లేదని నాకు అప్పుడే తట్టవలసింది.

కారణం బ్యారెల్ వాలు. బ్యారెల్‌ను మడిచి లోడ్ చేసే రైఫిళ్లలో అది ఒక కీలు మీద నిలబడుతుంది. మూసినప్పుడు దాని మూతి, స్కోప్ కూర్చునే పట్టాతో పోలిస్తే, కొద్దిగా కిందికి చూస్తూ ఉండడం చాలా సాధారణం. ఇనుప సైట్లు రెండూ సాధారణంగా బ్యారెల్ భాగం మీదే ఉంటాయి కాబట్టి వాటితో కాల్చినంత కాలం ఈ తేడా బయటపడదు. స్కోప్ పెట్టగానే పెల్లెట్లు బాగా కింద పడతాయి, మనం ఎలివేషన్‌ను పైకి, ఇంకా పైకి తిప్పుకుంటూ పోతాం, చివరికి జీరో దొరుకుతుంది, సంతోషిస్తాం.

అయితే స్కోప్ లోపల జరిగింది వేరు. క్రాస్‌హెయిర్ ఉన్న లోపలి గొట్టాన్ని ఒకవైపు నుంచి టర్రెట్ల స్క్రూలు నెడుతుంటే, ఎదురువైపు నుంచి ఒక స్ప్రింగ్ దాన్ని ఆ స్క్రూలకు ఆనించి పట్టి ఉంచుతుంది. చాలా స్కోప్‌లలో ఎలివేషన్‌ను పైకి తిప్పడమంటే స్క్రూను వెనక్కి విప్పడమే. స్ప్రింగు సాగి సాగి చివర చేరేసరికి దాని పట్టు సడలిపోతుంది. పట్టు సడలిన లోపలి గొట్టం ప్రతి కుదుపుకూ ఎక్కడో ఒక చోట కూర్చుంటుంది. పైగా బయటి గొట్టం గుండ్రనిది కాబట్టి, ఎలివేషన్ పైఅంచుకు చేరినప్పుడు పక్కలకు తిరగడానికి మిగిలే చోటు కూడా తగ్గిపోతుంది. అందువల్ల ఎడమకు వెళ్లవలసిన గ్రూపు ఎడమకు వెళ్లకుండా నిలిచిపోతుంది.

దీన్ని పరీక్షించడానికి పావుగంట చాలు. ఇప్పుడున్న స్థానం నుంచి టర్రెట్‌ను ఒక చివరకు మెల్లగా, బలవంతం చేయకుండా తిప్పి, అక్కడి నుంచి రెండో చివర వరకు క్లిక్కులు లెక్కపెట్టండి. ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం; పావు ఎంఓఏ క్లిక్కులున్న స్కోప్‌లో 240 క్లిక్కులు వస్తే మొత్తం ప్రయాణం 60 ఎంఓఏ, మధ్యస్థానం నుంచి పైకి ఉన్నది 30 మాత్రమే. టర్రెట్‌ను సరిగ్గా మధ్యలో పెట్టి 25 మీటర్ల దగ్గర ఒక పెద్ద అట్ట మీద కాల్చండి. నా రైఫిల్ గురికి 20 సెం.మీ. కింద కొట్టింది. 25 మీటర్ల దగ్గర ఒక ఎంఓఏ అంటే సుమారు 7.3 మి.మీ. కాబట్టి అది 27 ఎంఓఏ పైచిలుకు. ఉన్న ముప్పైలో ఇరవై ఏడు జీరోకే ఖర్చయిపోయాయి. ఇలాంటి రైఫిల్‌లో 25 మీటర్ల జీరోతో 50 మీటర్లకు కాల్చితే పెల్లెట్ పన్నెండు, పదిహేను సెం.మీ. కింద పడుతుంది, దానికి ఇంకా తొమ్మిది పది ఎంఓఏలు కావాలి. అంత చోటు అందులో లేదు. దూరానికి పనికొచ్చే స్కోప్ కావాలని వచ్చేవారిలో చాలామందికి నిజంగా లేనిది ఈ చోటే.

పరిష్కారం స్కోప్‌లో కాదు, మౌంటులో ఉంది. స్ప్రింగ్ రైఫిల్ 11 మి.మీ. పట్టాకు వాలును సరిచేసేలా చేసిన మౌంటు గానీ, ఎత్తు సర్దుకునే మౌంటు గానీ వేయాలి. వెడల్పైన పికటినీ పట్టా ఉన్న పీసీపీ రైఫిల్‌కు (ముందే గాలి నింపి ఉంచే రకం) 20 ఎంఓఏ వాలు ఉన్న బేస్ సరిపోతుంది. ఆ బేస్ ఎత్తైన కొన వెనుకకు, అంటే మన కంటివైపుకు రావాలి. తిరగేసి బిగించి, సమస్య రెట్టింపైందని నా దగ్గరికి తెచ్చినవారు ఉన్నారు. తేడా తక్కువగా ఉంటే వెనుక రింగు కింది భాగంలో, గొట్టం కింద, పలుచని రేకు ముక్క పెట్టవచ్చు. కూల్‌డ్రింక్ డబ్బా రేకు సుమారు 0.1 మి.మీ. ఉంటుంది, రింగుల మధ్య దూరం 10 సెం.మీ. ఉంటే ఒక్క ముక్కకు ఒక మిల్ (దూరంలో వెయ్యో వంతు), అంటే 25 మీటర్ల దగ్గర రెండున్నర సెం.మీ. పైకి వస్తుంది. రెండు ముక్కలకు మించి పెట్టకండి, గొట్టం వంగుతుంది. మౌంటుతో జీరోను దాదాపు సరిచేశాక మిగిలిన కొద్దిపాటి తేడానే టర్రెట్‌తో సర్దాలి. ఏ చివర నుంచైనా కనీసం పావు వంతు ప్రయాణం మిగిలి ఉండాలన్నది నేను పాటించే నియమం.

అందుకే కొత్తగా కొనేవారికి నా సలహా ఇది: ఉన్న డబ్బులో ముందు మంచి మౌంటుకు పక్కన పెట్టి, మిగిలినదానితో స్కోప్ చూడండి. పెట్టె మీద జూమ్ అంకె కంటే మొత్తం ఎలివేషన్ ప్రయాణం ఎంతో ముందు చదవండి. ఒకే మోడల్ శ్రేణిలో 25 మి.మీ. గొట్టం, 30 మి.మీ. గొట్టం రెండూ ఉంటే, సాధారణంగా రెండోదానిలో ఈ ప్రయాణం ఎక్కువ.

సమస్య: గ్రూపు చిన్నగానే ఉంది, కానీ తల పెట్టే తీరును బట్టి చోటు మారుతోంది

ఇది పారలాక్స్. రైఫిల్‌ను ఇసుక సంచుల మీద కదలకుండా పెట్టి, దాన్ని తాకకుండా తలను పక్కలకు జరిపి చూడండి. క్రాస్‌హెయిర్ లక్ష్యం మీద పాకితే అదే కారణం. పెద్ద తుపాకుల కోసం చేసిన చవక స్కోప్‌లలో పారలాక్స్‌ను 100 గజాలకు స్థిరంగా అమర్చి ఉంచుతారు. 40 మి.మీ. అద్దం ఉన్న అలాంటి స్కోప్‌తో 10 మీటర్ల దగ్గర కాల్చితే, కన్ను పక్కకు జరిగినందుకే 18 మి.మీ. వరకు తప్పు రావచ్చు. ఆ దూరపు పోటీ లక్ష్యం మొత్తం వెడల్పు 45.5 మి.మీ., దాని పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. 10 మీటర్ల వరకు దిగే పారలాక్స్ సర్దుబాటు ఉన్న స్కోప్ కొనడమే దీనికి సరైన పరిష్కారం. లేనివారు చెంపను ప్రతిసారీ ఒకే చోట ఆనించడం అలవాటు చేసుకోవాలి.

సమస్య: జూమ్ పెంచితే బొమ్మ మసకబారుతోంది

ముందు అద్దం వ్యాసాన్ని జూమ్‌తో భాగిస్తే కంటికి చేరే వెలుతురు వృత్తం వస్తుంది. 40 మి.మీ. అద్దానికి 9 రెట్ల దగ్గర అది 4.4 మి.మీ., 16 రెట్ల దగ్గర 2.5 మాత్రమే. చవక అద్దాల మీద 24 రెట్లు అని రాసి ఉంటే దానికోసం డబ్బు పెట్టకండి. మధ్యాహ్నం ఎండలో అలలు అలలుగా కనిపిస్తే అది నేల వేడి, స్కోప్ తప్పు కాదు, ఉదయాన్నే కాల్చండి.

సమస్య: జూమ్ మారిస్తే హోల్డ్ గుర్తులు (టర్రెట్ తిప్పకుండా గురిని పైకి, పక్కకు జరపడానికి క్రాస్‌హెయిర్ మీద ఉండే గుర్తులు) తప్పుతున్నాయి

మీది సెకండ్ ఫోకల్ ప్లేన్ స్కోప్, అంటే జూమ్ మారినా గుర్తులు అదే సైజులో కనిపించే రకం. గుర్తుల కొలత ఒకే జూమ్ దగ్గర, చాలాసార్లు అత్యధిక జూమ్ దగ్గర, సరిపోతుంది. ఎప్పుడూ ఆ జూమ్‌లోనే హోల్డ్ చేయండి.

పగిలిన లోపలి అద్దం, విరిగిన స్ప్రింగు, వంకర బోరు వంటివి ఉంటాయి, కానీ పైవన్నీ చూడకుండా వాటి జోలికి వెళ్లవద్దు. చెన్నైలోని మిత్రుల స్కోప్‌లలో లోపల తేమ పడితే సీలు పోయినట్లే, దాన్ని ఇంట్లో విప్పకూడదు.

కొత్త స్కోప్ వచ్చాక, తిరిగి ఇచ్చే గడువు ముగియకముందే ఒక పరీక్ష చేయండి. టర్రెట్లను మధ్యస్థానం దగ్గర ఉంచి, 25 మీటర్ల దగ్గర ఒకే చుక్కకు గురిపెట్టి ఐదు పెల్లెట్లు కాల్చండి. తర్వాత 40 క్లిక్కులు పైకి, 40 కుడికి, 40 కిందికి, 40 ఎడమకు తిప్పుతూ, తిప్పిన ప్రతిసారీ ఐదేసి కాల్చండి. పావు ఎంఓఏ క్లిక్కులున్న స్కోప్‌లో గ్రూపులు 7.3 సెం.మీ. భుజాల చతురస్రంగా వచ్చి, చివరి ఐదూ మొదటి ఐదింటి మీదే పడాలి. అలా పడకపోతే ఆ కాగితాన్ని స్కోప్‌తో పాటు పెట్టెలో పెట్టి కొట్టుకు తిరిగి ఇవ్వండి.