ఎండీ, ఎంఎస్ ఫైనల్స్: కొత్త నిబంధనల ప్రకారం సిద్ధం కావడం ఎలా

కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలో ఎండీ, ఎంఎస్ చేస్తున్నవాళ్లకు ఇప్పుడు వర్తించేది పీజీ వైద్య విద్యా నిబంధనలు-2023. 2000 నాటి పాత నిబంధనల స్థానంలో జాతీయ వైద్య కమిషన్ వీటిని 2023 డిసెంబర్ 29న నోటిఫై చేసింది. సీనియర్లు చెప్పే మాట వినండి, కానీ రూల్ మాత్రం గెజిట్‌లో ఒకసారి స్వయంగా చదువుకోండి. చదువులో వెనకబడితే చివరి నెలల్లో కూడా కొంత కూడదీసుకోవచ్చు. కాగితాల్లో వెనకబడితే హాల్ టికెట్టే రాదు.

ముందు జిల్లా రెసిడెన్సీ సంగతి. మూడు, నాలుగు, ఐదు సెమిస్టర్లలో ఏదో ఒకదానిలో 3 నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలి. అది సంతృప్తికరంగా పూర్తయితేనే ఫైనల్స్‌కు అర్హత. ఎంచుకునే వీలుంటే ఐదో సెమిస్టర్ వద్దు. థీసిస్‌ను థియరీ పరీక్షకు కనీసం 6 నెలల ముందు సమర్పించాలి కాబట్టి ఆ రెండూ ఒకేసారి మీద పడతాయి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి వార్డుల్లో థీసిస్ కోసం కేసులు సేకరిస్తున్నవాళ్లు ములుగుకో భూపాలపల్లికో వెళ్లిన ఆ 3 నెలలు సేకరణ ఆగిపోతుంది. ఆ లెక్క ప్రోటోకాల్, అంటే థీసిస్ ప్రణాళిక, రాసేటప్పుడే వేసుకోవాలి. రిలీవింగ్, జాయినింగ్ ఆర్డర్లు, హాజరు పత్రం, పూర్తి చేసిన సర్టిఫికెట్ చివరి రోజే సంతకాలతో తెచ్చుకోండి. తర్వాత వెళ్తే సంతకం చేయాల్సిన అధికారి బదిలీ అయి ఉండొచ్చు.

రీసెర్చ్ మెథడాలజీ, ఎథిక్స్, కార్డియాక్ లైఫ్ సపోర్ట్ కోర్సులు తప్పనిసరి. మూడూ మొదటి ఏడాదిలోనే ముగించండి. హాజరు 80 శాతానికి తగ్గకూడదు. జబ్బు చేసో, ప్రసూతికో ఎక్కువ సెలవు పెట్టాల్సి వస్తే ఆ నెలలోనే డిపార్ట్‌మెంట్‌తో రాతపూర్వకంగా తేల్చుకోవాలి. పోస్టర్, పేపర్ ప్రెజెంటేషన్ల సర్టిఫికెట్లు, లాగ్‌బుక్ కూడా ఈ కాగితాలన్నిటితో కలిపి ఒకే ఫైల్లో పెట్టండి.

థీసిస్‌లో ఎక్కువమంది దెబ్బతినేది తేదీల దగ్గర. ఎథిక్స్ కమిటీ అనుమతి రాకముందే మొదటి రోగి వివరాలు తీసుకున్నట్టు మాస్టర్ చార్టులో (రోగులందరి వివరాల పట్టికలో) కనిపిస్తే థీసిస్ మొత్తానికే ముప్పు. రెండు మందులనో రెండు పద్ధతులనో పోల్చే ట్రయల్ అయితే, మొదటి రోగిని చేర్చుకోక ముందే సీటీఆర్‌ఐలో, అంటే దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో, రిజిస్టర్ చేయాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి ఇది తప్పనిసరి, పీజీ థీసిస్‌కు మినహాయింపు లేదు.

ఇక మార్కులు. నాలుగు థియరీ పేపర్లు, ఒక్కోటి 100. మొదటిది బేసిక్ సైన్సెస్, చివరిది రీసెంట్ అడ్వాన్సెస్. ఒక్కో పేపర్‌లో కనీసం 40, నాలుగూ కలిపి 400కు 200 రావాలి. 62, 58, 39, 60 వస్తే మొత్తం 219, అయినా ఆ 39 వల్ల ఫెయిల్. నాలుగింటిలోనూ 45 వస్తే ఏ పేపరూ పోలేదు, కానీ మొత్తం 180 కాబట్టి అదీ ఫెయిలే. ప్రాక్టికల్స్, వైవా కలిపి విడిగా 50 శాతం రావాలి. థియరీ, ప్రాక్టికల్స్‌లో ఏది పోయినా రెండూ మళ్లీ రాయాలి. అందుకే బేసిక్ సైన్సెస్‌ను చివరికి నెట్టొద్దు. అనాటమీ, ఫిజియాలజీ చూసి చాలా కాలమైన చేతికి ఆ పేపరే బరువు.

పేపర్‌లో 10 ప్రశ్నలు, 10 మార్కుల చొప్పున, 180 నిమిషాలు. చదవడానికి 5, ఒక్కో జవాబుకు 16, చివర్లో సరిచూసుకోవడానికి 15. తెలిసిన ప్రశ్న కదా అని మొదటి మూడింటికి అరగంట చొప్పున పెడితే మిగిలిన ఏడింటికి 13 నిమిషాలు కూడా దక్కవు. ఎంత బాగా రాసినా 8 దాటడం కష్టం, వదిలేసిన ప్రశ్నకు మాత్రం కచ్చితంగా సున్నా. నిర్వచనం, వర్గీకరణ, ఒక బొమ్మ లేదా ఫ్లోచార్ట్, చికిత్స అనే వరుసలో రాయండి. పరీక్షకు నెల ముందు నుంచి వారానికి ఒక పాత పేపరైనా గడియారం పెట్టుకుని పూర్తిగా రాయాలి. చదివినంత మాత్రాన చేయి అలవాటు పడదు.

క్లినికల్స్‌కు వచ్చే ఎగ్జామినర్లలో సగం మంది బయటివారు. రోగి చెప్పింది వాళ్లకు అందేది మీ నోటి ద్వారానే. ‘దమ్మొస్తుంది’ (ఆయాసం వస్తుంది) అన్న మాటతో ఆగిపోతే ఆయాసం ఎంత తీవ్రమో, దాని గ్రేడ్ తేలదు. పొలం గట్టు దాకా నడిస్తేనా, వాకిలి ఊడ్చినా వస్తుందా, ఊరికే కూర్చున్నా వస్తుందా అని అడగండి. రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుంటారో, దమ్ముతో నిద్రలోంచి లేచి కూర్చుంటున్నారో లేదో కూడా అడగాలి. లంబాడా తండా నుంచో గోండు గూడెం నుంచో వచ్చినవాళ్లకు తెలుగు తడబడితే వెంట వచ్చినవారిని కూర్చోబెట్టుకుని అడగండి, ఊహించి రాయొద్దు. ఆదిలాబాద్ వైపు ఆదివాసీ రోగిలో రక్తహీనత, కీళ్ల నొప్పులు కనిపిస్తే వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బు సికిల్‌సెల్ గురించి కుటుంబ చరిత్ర తప్పక అడగాలి.

కేసుకు ఇచ్చే సమయం డిపార్ట్‌మెంట్‌ను బట్టి మారుతుంది. సాధన మాత్రం 45 నిమిషాల్లో చేయండి: వివరాలకు 20, పరీక్షకు 15, రాసుకోవడానికి 10. మెడిసిన్ వాళ్లయితే స్టెత్, టార్చ్, టేపు, హ్యామర్, 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్, దూది సొంతవే తీసుకెళ్లండి. టార్చ్ బ్యాటరీ ముందు రోజు రాత్రే మార్చండి.