ఇల్లిబరలిజంపై జవాబు రాసేటప్పుడు

గ్రూప్-1 మెయిన్స్‌కు సిద్ధమయ్యేవారి జవాబులు దిద్దడం నా పని. ఇల్లిబరలిజం అంటే నియంతృత్వం అని ఒక్క ముక్కలో తేల్చేసేవారే ఎక్కువ. ఎర్ర సిరా మొదట పడేది అక్కడే. ఇల్లిబరలిజంలో ఎన్నికలు జరుగుతాయి, ప్రతిపక్షం పోటీ చేస్తుంది, గెలిచినవారికి నిజంగానే ఓట్లు పడతాయి. గెలిచాక తమకు పగ్గాలు వేయగల కోర్టులను, పత్రికలను, విశ్వవిద్యాలయాలను చట్టం చేసి మరీ నీరుగారుస్తారు. అది ఇల్లిబరలిజం.

కాబట్టి విశేషణాలు మానేసి, ఏ పగ్గం ఎలా తెగిందో రాయండి. హంగరీనే తీసుకోండి. 2010లో విక్టర్ ఓర్బాన్ పార్టీ ఫిదెస్ సుమారు 53 శాతం ఓట్లతో మూడింట రెండొంతుల సీట్లు గెలిచి, ఆయన్ను ప్రధానిని చేసింది. కొత్త రాజ్యాంగం తెచ్చి, 2012 జనవరి 1 నుంచి అమల్లో పెట్టింది. న్యాయమూర్తుల పదవీ విరమణ వయసును 70 నుంచి 62కు దించింది. పైకి చూస్తే సర్వీసు నిబంధన, అంతే! కానీ సీనియర్ న్యాయమూర్తులు గుంపుగా ఇంటిదారి పట్టవలసి వచ్చింది. ఖాళీల భర్తీలో కీలక పాత్ర పార్లమెంటు ఎన్నుకున్న ఒక అధికారిది. అది వయసు పేరిట వివక్షేనని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం అదే ఏడాది నవంబరులో తేల్చింది. అప్పటికే చాలా కుర్చీల్లో కొత్తవారు కూర్చున్నారు. ఈ ఒక్క ఉదాహరణ విడమరచి రాస్తే నిర్వచనం వేరే అక్కర్లేదు.

చోటుంటే ఎన్నికల చట్టం గురించీ రాయండి. సీట్లు 386 నుంచి 199కి తగ్గాయి, నియోజకవర్గాల హద్దులు మారాయి. 2014లో ఓట్లు దాదాపు 45 శాతానికి పడిపోయినా మూడింట రెండొంతుల బలం చెక్కుచెదరలేదు.

‘ఇల్లిబరల్ డెమోక్రసీ’ని ప్రచారంలోకి తెచ్చింది 1997లో అమెరికా పాత్రికేయుడు ఫరీద్ జకారియా రాసిన వ్యాసం. ఆయనది విమర్శ. 2014 జూలైలో ఓర్బాన్ రుమేనియాలో ప్రసంగిస్తూ, తాము నిర్మిస్తున్నది ఇల్లిబరల్ రాజ్యమేనని తానే చాటుకున్నాడు. అందుకే హంగరీ విషయంలో ఈ మాట వాడితే పక్షపాతమని ఎవరూ అనలేరు. మిగతా దేశాలకు వాడినప్పుడు, అలా అన్నది ఎవరో చెప్పి తీరాలి.

1991 నాటి ఆర్థిక సరళీకరణను ఇందులోకి లాగకండి, అది మార్కెట్ సంగతి. 1975 ఎమర్జెన్సీ కూడా సరైన ఉదాహరణ కాదు. అప్పుడు ప్రతిపక్ష నేతలను జైల్లో పెట్టి, లోక్‌సభ గడువు పొడిగించి, ఎన్నికలనే వాయిదా వేశారు. దానికి నిరంకుశత్వమన్న మాట ఉండనే ఉంది.

పది మార్కుల ప్రశ్నకు హంగరీ చాలు. టర్కీ, పోలండ్ అంటూ పేర్లు పేర్చుకుంటూ పోతే నేనైతే అర మార్కు కూడా వేయను.