శ్రావణం ఆర్డర్లకు మగ్గం ముందు కూర్చునేలోపు చేతి నరాల సంగతి చూసుకోండి

ఆషాఢం సగం గడిచిందంటే మగ్గం వర్క్ చేసేవాళ్ల ఇళ్లలో బ్లౌజు పీసులు పేరుకుపోతాయి. ఒకటి వరలక్ష్మీ వ్రతానికి, ఇంకోటి ఆ వెనకే వచ్చే పెళ్లికి. అన్నింటికీ ఇవ్వాల్సిన తేదీ ముందే ఖాయం. రోజుకు పది పన్నెండు గంటలు కూర్చుంటే తప్ప పని తెమలదు. ఫిజియోథెరపిస్టుగా నాకు ఈ సీజన్ కనిపించేది ఆలస్యంగానే. దీపావళి దాటాక వచ్చి, "శ్రావణం నుంచే వేళ్లు మొద్దుబారుతున్నాయండీ, ఆర్డర్లయ్యాక చూపించుకుందామని ఆగాను" అంటారు. అలా ఆగిన నెలల్లోనే చేతికి జరగాల్సిన నష్టం జరిగిపోతుంది. అందుకే పని ఊపందుకోకముందే ఇది రాస్తున్నాను.

మణికట్టులో అరచేతి వైపు ఒక ఇరుకు దారి ఉంటుంది. అడుగున, పక్కల చిన్నచిన్న ఎముకలు, పైన మందపాటి పట్టీ. వేళ్లను ముడిచే తొమ్మిది టెండాన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లలాంటివి), వాటితోపాటు మీడియన్ నరం ఆ దారిలోంచే అరచేతిలోకి వెళ్లాలి. సంక్రాంతికి ఊరెళ్లే బస్సులా అక్కడ ఇంకొకరికి చోటుండదు. టెండాన్ల చుట్టూ ఉన్న పొర కాస్త వాచినా ఎముకలు జరగవు, పట్టీ సాగదు, నలిగేది నరమే. మణికట్టు లోపలికి వంచినా, వెనక్కి విరిచినా ఆ దారిలో ఒత్తిడి బాగా పెరుగుతుంది. మగ్గం మీద రెండు చేతులకూ ఈ బాధ తప్పదు. పైచెయ్యి సన్నటి ఆరీ సూదిని గట్టిగా పట్టుకుని గంటల తరబడి గుచ్చుతూ లాగుతూ ఉంటుంది. కిందిచెయ్యి గుడ్డ అడుగున మణికట్టు వంచుకుని దారం అందిస్తూ ఉంటుంది. కిందిచెయ్యి ఎలా వంగి ఉందో మనకే కనబడదు కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోరు.

ఈ నరం నలిగితే తిమ్మిరి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో బొటనవేలి వైపు సగం మేర వస్తుంది. చిటికెనవేలు మామూలుగానే ఉంటుంది. అర్ధరాత్రి దాటాక చేతిలో చీమలు పాకినట్టయి మెలకువ వస్తుంది, నాలుగుసార్లు విదిలిస్తే తగ్గుతుంది. డాక్టర్లు దీన్ని కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. ఈ దశలో పట్టుకుంటే చాలామందికి కత్తి పెట్టకుండానే నయమవుతుంది.

ఒక్క విషయంలో మాత్రం చాలామంది పొరబడతారు. కొన్ని నెలలు గడిచాక రాత్రి నొప్పి తగ్గిపోవచ్చు. తగ్గిందని సంబరపడి ఇంకో పది బ్లౌజులు ఒప్పుకుంటారు. అయితే వేళ్లు పొద్దస్తమానం మొద్దుగానే ఉన్నాయంటే, పూసలు వేళ్లకు తెలియకుండా జారిపోతున్నాయంటే, అది నయమవడం కాదు. నొప్పిని మోసే శక్తి కూడా నరానికి తగ్గిపోయిందని అర్థం. తర్వాత బొటనవేలి మొదట్లో ఉండే కండ పలచబడి గుంట పడుతుంది. కండ తగ్గిపోయాక ఆపరేషన్ చేసినా పూర్తిగా తిరిగి వస్తుందని చెప్పలేం.

రెండో నరం అల్నార్. మోచేతికి ఏదైనా తగిలినప్పుడు కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమనేది ఇదే. మోచేతి లోపలి వైపు ఎముక వెనకాల చర్మం కిందే ఉంటుంది, కాపాడే కండ లేదు. మగ్గం కర్ర అంచు మీద మోచేతులు ఆనించి పని చేసేవాళ్లకు ఇది నేరుగా ఒత్తుకుంటుంది. మోచెయ్యి బాగా మడిచి ఎక్కువసేపు ఉంచినా సాగి నలుగుతుంది. దీని తిమ్మిరి చిటికెనవేలికి, ఉంగరపువేలిలో ఆ వైపు సగానికి. వేళ్లను దగ్గరికి చేర్చడం, విడదీయడం, సూది తిప్పడం లాంటి నాజూకు పనులు చేసే చిన్న కండరాలు చాలావరకు దీని చేతిలోనే ఉన్నాయి. అందుకే మగ్గం పనివాళ్లకు దీని గురించే నాకు ఎక్కువ భయం. బాగా దెబ్బతిన్న నరపు పోగు మళ్లీ పెరిగేది రోజుకు సుమారు 1 మిల్లీమీటరు. మోచేతి నుంచి అరచేతి కండరాల దాకా 25 నుంచి 30 సెంటీమీటర్లుంటుంది, అంటే ఎనిమిది నుంచి పది నెలలు. ఏడాది, ఏడాదిన్నర దాటినా నరం అందని కండరం ఇక కోలుకోవడం కష్టం.

కూర్చునే తీరు, పట్టుకునే తీరు

ముందు మగ్గం ఎత్తు సరిచూసుకోండి. భుజాలు పైకి లేవకుండా, మోచెయ్యి తొంభై డిగ్రీల కంటే కాస్త తెరుచుకుని ఉండాలి. కర్రకు పాత తువ్వాలు మడతలు పెట్టి చుట్టండి. దాని మీద ఆనాల్సి వస్తే మోచేతి ఎముక కాకుండా ముంజేయి ఆనాలి. ఖర్చు లేని ఈ ఒక్క పని అల్నార్ నరాన్ని చాలావరకు కాపాడుతుంది.

సూది పిడి ఎంత సన్నగా ఉంటే వేళ్లు అంత గట్టిగా బిగుస్తాయి. గుడ్డ గానీ టేపు గానీ చుట్టి లావు చేసుకోండి. మొదటి రోజు చేతికి కొత్తగా ఉంటుంది, అలవాటవుతుంది. ముక్కు అరిగిన సూదిని పట్టుకుని వేలాడకండి. గుడ్డలోంచి లాగడానికి బలం పెట్టిన ప్రతిసారీ ఆ భారం మణికట్టు మీదే పడుతుంది. గుడ్డ బిగుతు సరిగా లేకపోయినా అంతే. దీపం పక్కనుంచి పని మీద పడేలా పెట్టుకోండి. వెలుతురు చాలక మెడ వంచి కూర్చుంటే మెడలో మొదలయ్యే నరమే నలిగి, భుజం మీదుగా చేతిలోకి నొప్పి దిగుతుంది. మెడ కదిపినప్పుడు తిమ్మిరి పెరిగితే కారణం మణికట్టులో కాకుండా మెడలో ఉండే అవకాశం ఎక్కువ.

విశ్రాంతి తీసుకోమంటే పీసు లెక్కన డబ్బులొచ్చే మనిషికి కోపం వస్తుంది, న్యాయమే. కాబట్టి పని ఆపమనను, పని మార్చమంటాను. అరగంట జర్దోసీ కుట్టాక కుందన్లు అతికించడమో, డిజైను గీయడమో, దారాలు విడదీయడమో పెట్టుకోండి. ప్రతి అరగంటకూ సూది కింద పెట్టి రెండు నిమిషాలు చేతులు వేలాడేసి, వేళ్లు మెల్లగా తెరిచి మూయండి. బట్టలు పిండటం, పిండి పిసకడం ఈ రెండు నెలలు ఇంట్లో ఇంకెవరైనా చేయాలి. ఇది అడగడానికి మొహమాటపడకండి, ఇంటికి డబ్బు తెస్తున్నది ఆ చెయ్యే.

రాత్రి చెంప కింద మణికట్టు మడిచి పడుకునే అలవాటుంటే మానుకోవాలి. తిమ్మిరి మొదలైతే రాత్రుళ్లు మణికట్టుకు స్ప్లింట్ (మణికట్టు వంగకుండా పట్టి ఉంచే రేకు ఉన్న కట్టు) కట్టుకోవడం మొదటి వైద్యం. దుకాణంలో దొరికేవాటిలో లోపలి రేకు తరచూ వెనక్కి వంగి ఉంటుంది. దాన్ని బయటికి తీసి మణికట్టు తిన్నగా ఉండేలా సరిచేయించుకోవాలి, లేకపోతే సగం ఫలితమే. కనీసం ఆరు వారాలు వాడాలి. చిటికెనవేలి తిమ్మిరైతే మోచేతి చుట్టూ తువ్వాలు వదులుగా చుట్టుకుని, చెయ్యి పూర్తిగా మడవకుండా పడుకోండి. పడుకుని ఫోను చూసేటప్పుడు కూడా మోచెయ్యి మడిచే ఉంటుందని గుర్తుంచుకోండి. శ్రావణంలో కొత్త గాజులు వేసుకుంటాం కదా, అవి బిగుతుగా ఒత్తుకుంటే బొటనవేలి వెనక వైపు చర్మం మొద్దుబారుతుంది. అక్కడ చర్మం కిందే పోయే చిన్న నరం వేరే ఉంది.

ఇప్పుడే చేసుకోదగ్గ పరీక్షలు

రెండు చేతుల వెనక భాగాలు ఒకదానికొకటి ఆనించి, వేళ్లు నేల వైపు ఉండేలా మణికట్లు వంచి ఒక నిమిషం ఉంచండి. బొటనవేలి వైపు వేళ్లలో తిమ్మిరి వస్తే మీడియన్ నరం మీద అనుమానం. తర్వాత బొటనవేలికీ చూపుడువేలి పక్కకీ మధ్య ఒక కాగితం పట్టుకుని ఎదుటివాళ్లను లాగమనండి. బొటనవేలి చివరి కణుపు బాగా వంగితే తప్ప కాగితం నిలవకపోతే అల్నార్ బలం తగ్గినట్టే. రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి కండ సమానంగా ఉందో లేదో కూడా చూడండి. ఈ పరీక్షలు అనుమానం పుట్టించడానికే, జబ్బు తేల్చడానికి కాదు.

సుగర్, థైరాయిడ్ పరీక్షలు సీజన్‌కు ముందే చేయించండి. సుగర్ జబ్బు, థైరాయిడ్ లోపం రెండూ మణికట్టులోని మీడియన్ నరాన్ని త్వరగా లొంగదీస్తాయి. గర్భిణులకు ఒంట్లో నీరు చేరడం వల్ల కూడా ఈ మణికట్టు తిమ్మిరి వస్తుంది, వాళ్లలో చాలామందికి కాన్పు తర్వాత తగ్గుతుంది. తిమ్మిరి చేతులతోపాటు రెండు పాదాల్లోనూ ఉంటే మగ్గాన్ని నిందించకండి. సుగరో, విటమిన్ బి12 లోపమో చూడాలి. సుగర్‌కు ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బి12 తగ్గవచ్చు. అయితే మెడికల్ షాపులో అడిగి నరాల మాత్రలు నెలల తరబడి మింగడం మంచిది కాదు. వాటిలో ఉండే బి6 మోతాదు మించితే అదే నరాలను పాడు చేస్తుంది. నరం పట్టు విడిపిస్తామని మణికట్టును విరిచి మర్దన చేసేవాళ్ల జోలికీ వెళ్లొద్దు. చేతి మీదో ముంజేతి మీదో రంగు తగ్గిన, స్పర్శ లేని మచ్చ ఉంటే వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. కుష్ఠు ఎక్కువగా దెబ్బతీసే నరాల్లో అల్నార్ ఒకటి. మందు ఉచితం, రకాన్ని బట్టి 6 లేదా 12 నెలల్లో కోర్సు అయిపోతుంది. సిగ్గుపడి దాస్తే మాత్రం వేళ్లు వంకర్లు పోతాయి.

ఆర్డర్లు పూర్తయ్యేదాకా ఆగకూడనివి ఇవి: పగలంతా తగ్గని మొద్దు, చేతిలోంచి వస్తువులు జారిపోవడం, కండ తరగడం, స్ప్లింట్ కట్టినా ఆరు వారాలకు తగ్గకపోవడం. న్యూరాలజిస్టు గానీ ఆర్థోపెడిక్ డాక్టరు గానీ నర్వ్ కండక్షన్ పరీక్షతో నరం ఎక్కడ, ఎంత నలిగిందో చూస్తారు. ఆపరేషన్ అంటే నరం కోస్తారని చాలామంది హడలిపోతారు. మణికట్టులో కోసేది నరాన్ని కాదు, పైన ఉన్న పట్టీని. ఎక్కువగా ఆ భాగానికే మత్తిచ్చి చేస్తారు, అదే రోజు ఇంటికి పంపిస్తారు. గట్టిగా పట్టుకునే బలం రావడానికి మాత్రం కొన్ని వారాల నుంచి నెలలు పడుతుంది. ఇక ఒక్కసారిగా చెయ్యి పడిపోయి, మూతి వంకర పోయినా మాట ముద్దగా వచ్చినా అది చేతి నరం సంగతి కాదు, పక్షవాతం. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు కాగితం మీద అరచెయ్యి పెట్టి చుట్టూ గీత గీయండి. తిమ్మిరి ఉన్న చోటంతా పెన్సిలుతో నింపి, ఏ సమయంలో వస్తుందో పక్కనే రాయండి. ఏ నరమో తేల్చడంలో డాక్టరుకు ఆ బొమ్మ చాలా ఉపయోగపడుతుంది.