రాక్ ఆల్బమ్‌ని బ్యాండు సెట్టుకి రాసుకోవడం

బీటిల్స్ బృందంలో ఉండిన పాల్ మెక్‌కార్ట్‌నీ, భార్య లిండా కలిసి చేసిన రాక్ ఆల్బమ్ 'రామ్' 1971లో వచ్చింది. అదే ఏడాది రిచర్డ్ హ్యూసన్ దాన్నంతా ఆర్కెస్ట్రాకి మార్చి రాశాడు. ఆ రికార్డింగు 'థ్రిల్లింగ్టన్' పేరుతో 1977లో గానీ బయటికి రాలేదు. తిరుపతి, చిత్తూరు పెళ్లి బ్యాండు వాద్యాలతో ఇలాంటి పని చేయాలంటే పన్నెండు మంది చాలు: క్లారినెట్లు 2, ట్రంపెట్లు 3, ఆల్టో శాక్సోఫోన్లు 2, టెనర్ శాక్సోఫోన్ 1, ట్రాంబోన్ 1, యుఫోనియం 1, బేస్ గిటారు, డ్రమ్స్. రిహార్సల్స్ ఆషాఢంలోనో మూఢంలోనో పెట్టుకోండి. ముహూర్తాల రోజుల్లో ఆ పన్నెండు మందీ ఒక్కచోట దొరకరు.

మొదట శ్రుతి చూడండి. రాక్ పాటలు గిటారుకి వీలని ఎక్కువగా ఇ (E), ఎ (A) శ్రుతుల్లో ఉంటాయి. ట్రంపెట్, క్లారినెట్, శాక్సోఫోన్లకి కాగితం మీద రాసే శ్రుతి వేరు, వినపడేది వేరు. ఇ లో ఉన్నదాన్ని అలాగే రాస్తే ట్రంపెట్ కాగితం మీద ఆరు షార్పులు (అర స్వరం పెంచే గుర్తులు), ఆల్టోకి ఏడు పడతాయి. అర స్వరం పెంచి ఎఫ్‌కి, అంటే 4 శ్రుతికి తెచ్చుకోండి. అప్పుడు ట్రంపెట్, క్లారినెట్, టెనర్ జి లోనూ, ఆల్టో డి లోనూ వాయిస్తాయి. ఎ లో ఉన్న పాటని బి ఫ్లాట్‌కి జరిపితే ట్రంపెట్‌కి సి, ఆల్టోకి జి వస్తాయి. నొటేషన్ చదవనివాళ్లకి సరిగమలే రాసివ్వండి, కానీ ఎవరి వాద్యం మీద 'స' ఎక్కడుందో పైన తప్పకుండా రాయాలి. అది లేకపోతే మొదటి బార్‌లోనే (నొటేషన్‌లో ఒక గడి) గోల.

అసలు కష్టం ట్యూన్‌తోనే. రాక్ పాటలో చాలా లైన్లు ఒకే స్వరం మీద ఎనిమిదీ తొమ్మిదీ అక్షరాలు పలుకుతాయి. మాటలున్నంతసేపు వినబుద్ధవుతుంది. మాటలు తీసేసి ట్రంపెట్‌కిస్తే తలుపు తట్టినట్టు ఉంటుంది. అందుకే దెబ్బ మీద పడే అక్షరాలే ఉంచి, మిగతావి దీర్ఘంగా పట్టించండి. ఆ ఖాళీలో ఆల్టోలకి జవాబు లైను రాయండి. రెండో చరణంలో అదే ట్యూన్‌ని అదే వాద్యానికి మళ్లీ ఇవ్వకండి. మొదటిది క్లారినెట్ ఒక్కటే, రెండోది టెనర్, దాని కింద ట్రాంబోన్ దీర్ఘ స్వరాలు, మూడోదానికి గానీ ట్రంపెట్లు ముగ్గురూ కలవకూడదు.

4 శ్రుతిలో మధ్యస్థాయి స, రి క్లారినెట్‌కి బలహీనంగా పలికే చోట పడతాయి. దాన్ని ఒక స్థాయి పైన వాయించమనండి. ట్రంపెట్‌ని తారస్థాయి స దాటించకండి. పదహారు బార్లు ఊదాక ఎనిమిది బార్లు విశ్రాంతి ఇవ్వండి, లేకపోతే నాలుగో పాటకి పెదవి చచ్చిపోయి స్వరం దిగుతుంది.

గిటారు రిఫ్‌ని (మళ్లీమళ్లీ వచ్చే చిన్న స్వర వరస) టెనర్, ట్రాంబోన్, యుఫోనియం ఏకస్వరంగా వాయిస్తే బరువు వస్తుంది. అంత కింద కార్డులు (ఒకేసారి పలికే స్వరాల గుత్తులు) పేరిస్తే మాత్రం బురదే. సాధారణ గాంధారం నుంచి అంతర గాంధారానికి జారే చోటు రాక్‌లో ప్రాణం. ఆ జారుడు ఒక్క క్లారినెట్‌కో ట్రాంబోన్‌కో ఇవ్వండి. నలుగురు జారితే నలుగురూ వేర్వేరు చోట్ల ఆగుతారు.

స్వింగ్ నడక (జతలో మొదటి స్వరం పొడుగు, రెండోది పొట్టి) కావాలంటే మృదంగం తెలిసినవాళ్లకి తిశ్రమని చెప్తే చాలు: 'తకిట'లో మొదటి స్వరం 'త' మీద మొదలై 'కి' కూడా పట్టాలి, రెండోది 'ట' మీద. వేగం పెరిగేకొద్దీ ఈ తేడా తగ్గించండి. పాటలన్నీ స్వింగ్ చేయక్కర్లేదు, బల్లాడ్‌ని (నెమ్మదిగా సాగే పాట) నేరుగానే ఉంచితే నయం.

తిరుపతి ఎండలో గాలి వాద్యాల శ్రుతి పైకెక్కుతుంది. డిగ్రీకి సుమారు 3 సెంట్ల వరకు (అర స్వరానికి నూరు సెంట్లు). ఏసీ హాల్లోంచి ఆరుబయటికి పదిహేను డిగ్రీల తేడా అంటే దాదాపు పావు స్వరం. పది నిమిషాలు ఊదాకే, వాయించబోయే చోటే శ్రుతి సరిచేయండి. బేస్ గిటారు వాద్యాలని అనుసరించాలి గానీ ట్యూనర్‌ని కాదు.

పెళ్లి ఊరేగింపులో వాయించడానికి కాపీరైట్ చట్టంలో మినహాయింపు ఉంది. టికెట్ పెట్టిన కచేరీకి ఐపీఆర్ఎస్ (పాటల హక్కుల రుసుము వసూలు చేసే సంస్థ) లైసెన్సు తీసుకోండి. రికార్డు చేసి అమ్మాలనుకుంటే హక్కుదారుల అనుమతి వేరుగా కావాలి.